మూడుసార్లు వచ్చిన తెల్ల బండి

మా ముత్తాతగారు చీపురుపల్లి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ శిస్తు అనుభవించిన మొఖాసాదారు. మా తాతగారు తాలూకా బోర్డులో కూర్చున్నవారు, బెంచి మేజిస్ట్రేటుగా జరిమానాలు వేసినవారు. మా నాన్నగారు ఆ ఇద్దరి పటాల కింద పడక కుర్చీ వేసుకుని కోర్టు కాగితాలు చదివినవారు. నేను కార్ల మెకానిక్‌ని. ఈ నాలుగు వాక్యాలనూ ఇలా వరసగా రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆస్తి ఎలా పోయిందో వివరంగా చెప్పను. దాయాదులతో వ్యాజ్యాలు, నష్టానికి నడిపిన ఒక నూనె మిల్లు, ఎవరి ముందూ తగ్గని నోరు, ఇవి చాలు. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఉన్న నన్ను గరివిడిలో ఒక ఫ్యాక్టరీ గ్యారేజీలో చేర్పిస్తానని నాన్నగారి స్నేహితుడొకరు అన్నారు. మా పాత కారును విప్పి బిగించడం చిన్నప్పటి నుంచి నాకు సరదా. నాన్నగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పిలిచి ఒక్క షరతు పెట్టారు.

"చేతికి మసి అంటితే కడుక్కోవచ్చు. కానీ ఒకడి చక్రాల మధ్య నువ్వు వెల్లకిలా పడుకున్నావన్న మాట నా చెవిన పడకూడదు."

పడలేదు. ఆయన చెవులు కాటికి వెళ్ళిన తరువాత కూడా పడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా మెకానిక్‌గా బతికి, ఒక్క రోజు కూడా బండి కిందికి దూరకుండా గడిపాను. కుర్ర మెకానిక్‌లు నమ్మరు. అది ఎలా సాధ్యమైందో చెబితే తప్ప ఈ సంగతి మీకు అర్థం కాదు.

గ్యారేజీలో నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు ఒకడు ఉండేవాడు. మిషను చర్చి పక్క వీధి మనిషి. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టేవాడు, ఇతను ఆదివారం పాటల్లో మృదంగం వాయించేవాడు. బండి కింద పని అతనిది. నేను సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పేవాణ్ణి, బ్రేకు తొక్కేవాణ్ణి. అతను బండి నిలిపే చోట కింద తవ్విన గోతిలో నిలబడి, చేత్తో తడిమి, కళ్ళతో చూసి, కిందినుంచి కేక వేసేవాడు. "ఇటు తిప్పండి బాబూ... ఆగండి... ఆ, ఇక్కడ ఆట ఉన్నాది, వదులైనాది." గ్యారేజీ అంతా మమ్మల్ని జోడీ అనేది, నేను అతన్నే జోడీ అని పిలిచేవాణ్ణి. సీట్లో నాకు తెలిసింది పై మాట, గోతిలో అతనికి కనిపించింది కింది మాట. రెండూ కలిపి రోగం ఏమిటో తేల్చేది మాత్రం నేనే. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అలా జరిగిపోయింది, నేను జరగనిచ్చాను.

ఫ్యాక్టరీ గ్యారేజీ మూసేశాక చీపురుపల్లి రోడ్డు మీద సొంత షెడ్డు వేశాను. జోడీ నాతో వచ్చాడు. ఎలైన్‌మెంట్ యంత్రం కొన్నాను, గొయ్యి తవ్వించాను. స్టీరింగ్ చేతిలో పెట్టుకుంటే చాలు, బండికి ఏ జబ్బో చెప్పేస్తాడని నాకు పేరు వచ్చింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి కూడా వచ్చేవారు. ఆ పేరును నేను తాతగారి కుర్చీలాగే చూసుకున్నాను. వేరెవరినీ అందులో కూర్చోనివ్వలేదు.

నేను కిందికి దిగనన్న సంగతి జోడీకి తెలుసు, ఎందుకో కూడా తెలుసు. ఏళ్ళ తరబడి దాని మీద ఒకటే వేళాకోళం.

"బాబుగారు గోతిలోకి దిగిన రోజున నాను పెళ్ళినాటి కోటు ఏసుకొస్తాను. చర్చి గంట కూడా కొట్టిస్తాను."

"ఆ కోటు నీకిప్పుడు పట్టదులే."

"పట్టకపోతే బుజానేసుకుంటాను. మీరు దిగండి ముందు."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కొంచెం ఆలస్యంగా.

ఆ తెల్ల బండి మొదటిసారి వచ్చింది వానలు తగ్గిన నెలలో. ఏడు సీట్ల పెద్ద బండి, ఎవరో వాడి అమ్మినది. దిగిన మనిషి శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డు ఊరివాడు, చేపల వ్యాపారి. ఒకప్పుడు తానే బోటు వేసినవాడు. నల్లగా, గట్టిగా, నలభై అయిదేళ్ళు ఉంటాయి. వచ్చీ రావడంతోనే నన్ను "మేస్త్రీ" అన్నాడు. అందరూ నన్ను బాబూ అంటారు. ఆ పిలుపు నాకు తగిలింది. అక్కడినుంచే అతని మాట నేను సగం చెవితో విన్నాను.

"మేస్త్రీ, ఎనబై దాటిందంటే సీటు కింద బోటు ఇంజను పెట్టినట్టుంటాది. స్టీరింగు సూస్తేనేమో నాను ఇటు తిప్పితే అది ఆలోసించుకుని తిరుగుతాది. నిటారుగా పోదు. తాగినోడు నడిసినట్టు పోతాది."

"ఎప్పటినుంచి?"

"మూడు నెల్లయినాది. నాకేటనిపిస్తందంటే, ఇది ముందున్న జబ్బు కాదు. బోటుకి ఎనకాల సుక్కాని కట్టు వదులైతే ముక్కు ఇలాగే తిరుగుతాది. ఎనకాల సూడండి."

నేను నవ్వాను. పక్కన టైర్లు విప్పుతున్నవాళ్ళు వినేలా అన్నాను. "ఇది బోటు కాదు నాయనా. బండి ముందు చక్రాలతో తిరుగుతుంది."

అతను తలపాగా తీసి దులుపుకుని బల్ల మీద కూర్చున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళకు ఒకటి చెబుతాను. బండి తోలేవాడు చెప్పిన మొదటి మాటను ఒక కాగితం మీద, అతను చెప్పిన మాటల్లోనే రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి. సీటు కింద అన్నాడు. స్టీరింగ్‌లో అనలేదు. వణుకు చేతికి తెలిస్తే జబ్బు ముందు వైపు ఉంటుంది, సీటుకు తెలిస్తే వెనక వైపు ఉంటుంది. గ్యారేజీలో కొత్తగా చేరిన వాళ్ళకు మొదటి నెలలోనే చెప్పే పాఠం ఇది. నేనే ఎంతోమందికి చెప్పాను.

కానీ నేను సీట్లో కూర్చోగానే చేతులు స్టీరింగ్ మీదికి వెళ్ళాయి. గరివిడి వరకు తోలి తెచ్చాను. ఆ రోడ్డు మీద అరవై దాటడానికి వీల్లేదు. చేతులకు సన్నని వణుకు తెలిసింది. ముందు చక్రాలు రెండింటికీ బాలెన్సింగ్ తప్పింది, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర ఒకటి అరిగింది. అవి నిజమైన లోపాలే. అందుకే నన్ను మోసం చేయగలిగాయి. మార్చి, బాలెన్స్ చేసి, ఎలైన్‌మెంట్ పెట్టి పంపించాను.

మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు.

"సేతికొచ్చే ఒణుకు పోయినాది మేస్త్రీ, అబద్దమాడకూడదు. సీటుకొచ్చేది పోలేదు. అది అలగే ఉన్నాది."

మొదటిసారి కడిగి తెచ్చాడు కాబోలు, ఈసారి బండి తలుపు తీయగానే చేపల వాసన గుప్పున కొట్టింది. వెనక సీట్లు మడిచి, ఐసు పెట్టెలు పెట్టి మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. కింద పరిచిన పట్టా తడిగా ఉంది. నాకు తెలిసినంతలో ఏ మెకానిక్ అయినా ఆ తడి చూసి ఆగాలి. ఉప్పు కలిపిన ఐసు కరిగి, పట్టా కిందినుంచి దిగి, బండి అడుగు చట్రమైన ఛాసిస్ మీద రోజూ కారుతూ ఉంటే ఇనుము ఏమవుతుందో ఒడ్డున పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. నేను ముక్కుకు రుమాలు పెట్టుకున్నాను.

"ఇంకోసారి వచ్చేటప్పుడు కడిగించి, ఖాళీ చేసి తీసుకురా. ఇలాంటి బండిలో నేను కూర్చోలేను."

అతను సిగ్గుపడ్డాడు. "తప్పయిపోనాది మేస్త్రీ. సేపలేసుకెల్లే బేను దొరక్క ఆరు నెల్లుగా దీన్లోనే ఏసుకెల్తన్నాను."

సిగ్గుపడవలసింది ఎవరో అప్పుడు నాకు తెలియదు. బండిని గోతి మీదికి ఎక్కించాం. నేను తలుపు తెరిచే ఉంచి స్టీరింగ్ తిప్పాను. జోడీ కింద ముందు వైపు అంతా తడిమి, ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్షులు పోయాయన్నాడు. తరువాత తనంత తానే వెనక్కి నడిచాడు. 

"బాబూ, ఎనకాల ఎవులో నల్ల రంగు కొట్టీసినారు. దట్టంగా. ఇరుసు కడ్డీలు పట్టుకునే బ్రాకెట్టు కాడ నాకు కంటికి ఆనడం నేదు. ఒక్కపాలి మీరు దిగి సూడండి."

షెడ్డులో ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు ఉన్నారు. టైర్ల దగ్గరున్నవాడు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"కోటు తెచ్చుకున్నావా?" అన్నాను.

అందరూ నవ్వారు. గోతిలోంచి నవ్వు రాలేదు. "కోటు కాదు బాబూ," అన్నాడు. అంతే అన్నాడు. నేను బుష్షులు మార్చమని చెప్పి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇక మూడోసారి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజు అతనితో అతని భార్య కూడా వచ్చింది. చేపల గంప మోసి మోసి మెడ ఒక పక్కకు వంగిన మనిషి, మాట మాత్రం నిటారు. వాళ్ళ ఒక్కతే కూతురు విశాఖపట్నంలో ఉంటుంది, మొదటి కాన్పు దగ్గరపడింది. తల్లి అక్కడికి వెళ్ళి రెండు నెలలు ఉండాలి. బియ్యం, ఎండు చేపలు, పాత చీరలు, ఊయల గుడ్డ, ఇన్ని సామాన్లతో బస్సు ఎక్కలేవని భర్త అంటాడు. ఆ బండి ఎక్కనని ఆమె అంటుంది. ఇద్దరూ నా దగ్గరికి తీర్పు కోసం వచ్చినట్టు వచ్చారు.

"బాబూ, ఈయన ఈ బండేసుకుని రోడ్డెక్కినకాడ్నుంచీ తిరిగొచ్చేదాకా నాను గుమ్మంలోనే కూకుంటన్నాను. సముద్రమ్మీదికి ఎల్లినప్పుడు కూడా ఇంత బయపడనేదు. మీరు నిజం సెప్పండి. ఇది ఎక్కొచ్చా, ఎక్కకూడదా?"

"ఇదిగో, సూసినావా? నా మాట నమ్మదు మేస్త్రీ."

"నీ మాటేటి నమ్మీది? తుఫానొస్తాదంటే రాదన్నోడివి."

"వచ్చిందేటి?"

"పక్కూరికొచ్చినాది!"

నాకు కూడా నవ్వు వచ్చింది. ఆమె నన్ను బాబూ అనడం కూడా నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. బండిని నేను చెప్పినట్టే శుభ్రంగా కడిగించి, పెట్టెలన్నీ తీసేసి తెచ్చారు. సబ్బు వాసన వస్తోంది. ఖాళీ బండి. వెనక బరువు లేని బండి. జబ్బు బయటపడే మార్గాన్ని నేనే మూయించి తెప్పించుకున్నాను.

ఈసారి హైవే దాకా తీసుకువెళ్ళాను. అతను పక్కన కూర్చున్నాడు, ఆమె షెడ్డులోనే ఉంది. ఎనభై, ఎనభై అయిదు. స్టీరింగ్ నా చేతిలో కదలకుండా ఉంది. సీటు కింద సన్నగా ఒక రొద. టైర్లు అరిగి ఉన్నాయి, వాటి చప్పుడే అన్నాను. లారీని దాటేటప్పుడు బండి వెనక భాగం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చినట్టు అనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అనిపించింది. గాలి అనుకున్నాను.

తిరిగి వచ్చాక జోడీ తనంత తానే గోతిలోకి దిగాడు. కాసేపటికి తల మాత్రం పైకి పెట్టి పిలిచాడు.

"బాబూ, ఎనక బ్రాకెట్టు కాడ రంగు మీద వేలు పెడితే మెత్తగా దిగుతన్నాది. అది ఉత్త రంగేనో, లోపల ఇనుముందో లేదో నాకు తెలీడం నేదు. కంటికి ఆనడం నేదు. దండం పెడతాను, ఒక్కపాలి దిగండి."

వేళాకోళంలో అతను ఎప్పుడూ దండం అనలేదు. ఆ తేడా నా చెవికి అందలేదా అంటే, అందింది. కానీ ఆ దంపతులు నిలబడి చూస్తున్నారు. నన్ను బాబూ అన్న ఆమె చూస్తోంది. ఇన్నేళ్ళు దిగనివాణ్ణి, ఒక చేపల బండి కింద, ఆమె ముందు దిగాలా?

"రంగు మెత్తగా ఉండక గట్టిగా ఉంటుందా? పైకి రా," అన్నాను.

అతను పైకి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నా వంక చూశాడు. నా వంక అనుకున్నాను.

వ్యాపారి అడిగాడు. "మేస్త్రీ, పరవానేదంటారా? మీరు పరవానేదంటే దీన్ని ఎక్కిస్తాను."

నేను ఆమెతో అన్నాను. "నా మాట మీద వెళ్ళమ్మా."

ఆమె రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

ఆ తరువాత నాలుగో రోజు ఉదయం పదింటికి ఆ బండి హైవే మీద ఒక ఆటోను తప్పించబోయి అడ్డం తిరిగింది. రోడ్డు పక్క గోతిలో పడి పక్కకు ఒరిగింది. అతనికి కుడి భుజం విరిగింది. ఆమె అక్కడే పోయింది. ఆ రోజు ఆమె గుమ్మంలో కూర్చోలేదు. నా మాట మీద బండిలో కూర్చుంది.

ఫోను చేసింది వ్యాపారి తమ్ముడు. బండిని పోలీసు స్టేషను ఆవరణలో పెట్టారనీ, చివరగా బాగు చేసిన మెకానిక్ వచ్చి చూడాలన్నారనీ చెప్పాడు. నేనూ జోడీ బస్సులో వెళ్ళాం.  అతను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాడు.

బండిని పక్కకు పడినది పడినట్టే తెచ్చి, గోడ వారన దించారు. అందువల్ల దాని అడుగు భాగం మొత్తం గోడలా నా ఎదురుగా నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు వంగి చూడనన్న దాన్ని, నడుం వంచనవసరం లేకుండా, నిటారుగా నిలబడి చూశాను. తలుపంత వెడల్పున, మిట్ట మధ్యాహ్నపు వెలుతురులో.

వెనక ఇరుసును దాని చోట పట్టి ఉంచే కడ్డీ ఒకటి వేలాడుతోంది. అది బిగిసి ఉండవలసిన బ్రాకెట్టు ఛాసిస్ నుంచి ఊడి వచ్చేసింది. ఊడిన చోట ఇనుము లేదు. నల్ల రంగు, దాని లోపల ఎర్రటి తుప్పు, పొరలు పొరలుగా, అప్పడం విరిచినట్టు. ఎన్ని నెలల నుంచో అక్కడ ఆ ఇరుసు ఇటూ అటూ జరుగుతూ ఉంది. అది జరిగినప్పుడల్లా వెనక చక్రాలు తమంతట తాము దారి మార్చేవి, అదే తూలడం. ఇంజను నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టు వంకరపడేది, అదే సీటు కింద వణుకు. రెండు జబ్బులు కావు. ఒక్క జబ్బు, ఒక్క చోట. చుక్కాని వదులైందని అతను మొదటి రోజే చెప్పిన చోట.

జోడీ ముందుకు వెళ్ళి ఆ విరిగిన చోట చెయ్యి వేశాడు. తరువాత ముఖాన్ని దానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా, ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టాడు. అంత ఎండలో. అతను చూస్తున్న తీరు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

అప్పుడే వ్యాపారి తమ్ముడు అడిగాడు.

"కింద ఎవులు సూసినారు?"

నేను తలెత్తి, తాతగారు బెంచి మీద కూర్చుని పలికినంత స్పష్టంగా అన్నాను. "పైన నేను చూస్తాను. కింద చూసేది ఇతను."

అందులో అబద్ధం లేదు. అలాంటి నిజాన్ని నేను నా జీవితంలో ఇంకోసారి చెప్పలేదు.

జోడీ చెయ్యి తీశాడు. "నానే సూసినాను బాబూ," అన్నాడు ఆ తమ్ముడితో. నా సంగతి ఎత్తలేదు.

తమ్ముడు జోడీ కళ్ళలోకి చూశాడు. అతని ముఖం ముందు చెయ్యి ఊపాడు. "ఒరే, ఈడికి కల్లే ఆనవు గదా! గుడ్డోడ్ని గోతిలో దించి బళ్ళు బాగుసేస్తన్నారేటి? మా వదిన్ని సంపీసినారు గదరా!"

తమ్ముణ్ణి వాళ్ళవాళ్ళు పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. నేను జోడీని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేల్లు. పక్కలకి సూపు ముందు పోయినాది. ఇప్పుడు మద్దెన కూడా మసక."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్పినాను గదా బాబూ."

"నువ్వు పాత వేళాకోళం ఆడుతున్నావనుకున్నాను."

"ఏలాకోలం దండం పెట్టి ఆడతారేటి?"

తిరుగు బస్సులో అతను నా పక్కన కూర్చోలేదు.

తరువాత తెలిసింది, అతనికి కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషనుతో వచ్చే చూపు కాదని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. పని పోతుందని ఇంట్లో తప్ప ఎక్కడా అనలేదు. చూపు తగ్గిన కొద్దీ వేళ్ళతో చూడటం నేర్చుకున్నాడు. ఆ వేళ్ళు తప్పు చెప్పలేదు. మెత్తగా ఉందన్నాయి. ఒక జత కళ్ళు కావాలన్నాయి, అంతే. ఆ కళ్ళు పైన సీట్లో కూర్చుని ఉన్నాయి.

పది రోజుల తరువాత జోడీ ఇంటికి వెళ్ళాను. ఇంతకు ముందు ఎప్పుడు వెళ్ళినా అతని భార్య కుర్చీ తుడిచి వేసేది. ఆ రోజు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఈ ఇంట్లో మీకు కుర్సీ ఏసే రోజులు అయిపోనాయి బాబూ. ఆయన పడుకున్నాడు. లేపను."

లోపల అతను మేలుకునే ఉన్నాడు. మంచం కిర్రుమన్న చప్పుడు నాకు వినిపించింది. ఆమెకూ వినిపించింది.  నేను తిరిగి వచ్చేశాను. ఆ తరువాత అతను నా షెడ్డుకు రాలేదు, నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. చర్చి రోడ్డులో ఎదురుపడితే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆగుతాడు. నేను దాటిపోయేదాకా ఆగి, అప్పుడు నడుస్తాడు.

ఇంకో గడప మిగిలింది. దానికి వెళ్ళడానికి నాకు రెండు నెలలు పట్టింది. సముద్రపు ఒడ్డు ఊరు అది. వ్యాపారి ఇంటి ముందు ఇసుకలో పీట మీద కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి గుడ్డలో వేలాడుతోంది. కూతురు వచ్చి ఉంది. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. నన్ను చూసి అతను లేవబోయాడు, లేవలేకపోయాడు. నన్ను తిడతాడని, కొడతాడని సిద్ధపడి వెళ్ళాను. అందుకు సిద్ధపడటం తేలిక.

"మేస్త్రీ, ఒక్కటి సెప్పండి. ముందు జబ్బేనా, ఎనక జబ్బేనా?"

"వెనక."

అతను తల ఊపాడు. "నాను సెప్పినాను గదా," అన్నాడు. కోపం లేదు. గెలిచినట్టు కూడా లేదు.

మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు, లోపలున్న కూతురికి వినపడకూడదని.

"నా ఐసు నీల్లు వల్లేటి? నాను మోసిన పెట్టెల వల్లే తినీసిందేటి ఆ ఇనుము?"

అతనికి కావలసింది ఏమిటో నాకు తెలుసు. కాదు అన్న ఒక్క మాట కావాలి. రెండు నెలలుగా ఆ ప్రశ్న మీదే పడుకుని లేస్తున్నాడు. కాదు అంటే అబద్ధం. పైగా అతను ఉప్పు నీళ్ళలో పుట్టినవాడు, నమ్మడు. అవును అంటే, భార్యను తానే చంపుకున్నానని ఆ మనిషి మిగిలిన బతుకంతా ఆ ఇసుకలో కూర్చుంటాడు. స్టీరింగ్ పట్టుకుంటే చాలు, జబ్బు చెప్పేస్తాడని పేరున్నవాణ్ణి నేను. 

చివరకు అన్నాను. "బండి నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. కిందికి దిగి చూడమని నాతో రెండుసార్లు అన్నారు. చూడనిది నేను. కింద పని చేసిన మనిషి తప్పు లేదు, నీ తప్పూ లేదు."

"నాను అడిగింది అది కాదు మేస్త్రీ," అన్నాడు.

"తెలుసు."

 అతని తమ్ముడు ఎక్కడున్నాడో అడిగి, వెళ్ళి అతనితో కూడా అదే మాట చెప్పాను, స్టేషను ఆవరణలో చెప్పవలసిన మాట. అతను వల బాగు చేసుకుంటూ తల ఎత్తలేదు. ఆలస్యంగా చెప్పిన నిజం ఎవరికీ పనికిరాదని అప్పుడు తెలిసింది. గుడ్డివాడు బళ్ళు బాగు చేశాడన్న కథ అప్పటికే ఊళ్ళన్నీ తిరిగేసింది. జోడీని ఆ తరువాత ఎవరూ పనికి పిలవలేదు.

ఇప్పుడు మీ షెడ్లలో లిఫ్టులు ఉన్నాయి. మీట నొక్కితే బండే పైకి లేస్తుంది, మీరు నిలబడే దాని అడుగు చూడవచ్చు. ఎవరూ పడుకోనవసరం లేదు, దిగనవసరం లేదు. మీ అదృష్టం అది. అయినా సీట్లో కూర్చుని చెప్పేసేవాళ్ళు మీలో ఉన్నారు. నేను విన్నాను. మీ చేతులు మంచివే అయి ఉంటాయి. నావీ మంచివే.

ఆ ప్రమాదం జరిగిన మరుసటి ఏడు ఎండల్లో షెడ్డు మూసేశాను. చీపురుపల్లి రోడ్డు మీది ఏడు సెంట్ల స్థలం, రేకుల షెడ్డు, ఎలైన్‌మెంట్ యంత్రం, కంప్రెసరు, రెండు జాకీలు కలిపి ఒక ఎరువుల వ్యాపారికి అమ్మేశాను.